మహారాజశ్రీ మొదటి మూడు సెకన్ల వారికి

మహారాజశ్రీ మొదటి మూడు సెకన్ల వారి దివ్యసముఖమునకు, రీల్స్ నమ్ముకుని బతికేవాళ్లం నమస్కరించి రాయునది.

తమరు క్షేమమేనని తెలుసు, క్షేమం లేనిది మాకే. మధ్యాహ్నమంతా కూర్చుని ఎడిట్ చేసిన గోంగూర నిలవ పచ్చడి తమరి గుమ్మం దాటలేదు. ఏ సెకనుకు ఎంతమంది మిగిలారో చూపే రిటెన్షన్ గ్రాఫు తెరిస్తే, గీత మూడో సెకను దగ్గర బావిలో దూకింది.

తమరి నిబంధనలు మాకు కంఠతా వచ్చు. సెకనుకు 30 ఫ్రేముల లెక్కన తమరి రాజ్యం మొత్తం 90 ఫ్రేములు. చివర రావాల్సింది అందులోనే రావాలి: వేడి అన్నం, పచ్చడి, నెయ్యి, కలిపే చెయ్యి. తెర మీద ఐదారు మాటలకు మించి రాత ఉండకూడదు. ఆ రాత కింద పెడితే అకౌంటు పేరు, క్యాప్షను, పాట పేరు వచ్చి దాని నెత్తిన కూర్చుంటాయి కనుక కింద మూడో వంతు వదిలెయ్యాలి. కుడి పక్క బొత్తాల చోటూ మనది కాదు. మిగిలిన జాగాలో రెండు వరుసలు పడితే, పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల్లో ఇరుక్కుంటాయి. వరుసల మధ్య ఎడం పెంచాలి. పెంచాం.

"హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు? బాగున్నారని కోరుకుంటున్నా" తీసేశాం. ఆ పలకరింపు పూర్తయ్యేలోపే తమరి ఏలుబడి అయిపోతుంది కదా! పైగా మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, అది వచ్చేదాకా ఏ వేలూ ఆగదు. అందుకే ఇప్పుడు ఊరంతా ఒకటే అరుపు: "ఈ తప్పు మాత్రం చెయ్యకండి!" ఏ తప్పో ఎవరూ చెప్పరు.

ఇదంతా సహించాం. సహించలేనిది ఒకటుంది. తమరు దాటనిచ్చిన జనం నిలవాలంటే, నెమ్మదిగా నడిచే ప్రతి ముక్కా కత్తిరించాలి. నిలవ పచ్చడికి ప్రాణం ఆ నెమ్మది ముక్కలోనే ఉంది. ఆకు కడిగి, నీళ్లు వడిశాక, నూలుబట్ట మీద నీడలో పలచగా పరిచి, చేతికి తడి తగలకుండా పోయేదాకా ఆరబెట్టాలి. ముసురు పడితే రాత్రంతా ఫ్యాను కింద ఉంచాలి. ఆపైన నూనెలో మగ్గి, నీరంతా ఇగిరి, నూనె పక్కలకు తేలేదాకా వేయించాలి. మెంతిపొడి, ఆవపొడి, ఎండుమిర్చి, చింతపండు, ఉప్పు ఎంత కొలతగా పడినా, ఆకులో తడి మిగిలితే బూజే.

కానీ ఆరబెట్టడంలో చూడ్డానికేముంది? బట్ట మీద ఆకు. కదలదు, చిటపటలాడదు. కత్తిరించు! గీత లేస్తుంది, వ్యూస్ పరుగెడతాయి. కొన్నాళ్లకు కామెంట్లు: "అక్కా, మీరు చెప్పినట్టే చేశా, పైన తెల్లగా వచ్చింది." అక్క ఏం చెప్పాలి? అసలు ముక్క తమరికి రుచించలేదని తీసేశాం అనా?

వంటతో పోతే బాగుండేది. మోటారు స్టార్టర్ బాగుచేసి చూపించేవాడు మెయిన్ ఆపే ముక్క కోసేస్తున్నాడు. పురుగుమందు కలిపే వీడియోలో లీటరుకు ఎన్ని మిల్లీలీటర్లో చెప్పేలోపు పాట అందుకుంటోంది. బూజు పట్టిన పచ్చడి పారబోసుకోవచ్చు, ఇవి?

తమరి బంధువర్గానికీ రెండు ముక్కలు. 2025 జనవరిలో ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్లో చదరపు గడులు నిలువు గడులయ్యాయి. వీడియోల మీది పాత కవరు బొమ్మల పక్కలు తెగి 'ఉలవచారు' కాస్తా 'లవచా' అయింది. "కామెంట్‌లో 'బ్రాండ్' అని రాయండి, లింకు పంపుతా" అనే, మన పేరునే సరుకుగా అమ్ముకోవడం నేర్పే పర్సనల్ బ్రాండ్ గురువులకు తమరి పేరు చెప్పుకునే మూడు పూటలా గడుస్తోంది. 2020 జూన్ 29న టిక్‌టాక్ నిషేధంతో లక్షల ఫాలోవర్లున్నవాళ్లు మళ్లీ సున్నా నుంచి మొదలెట్టారు. తమరు మాత్రం చెక్కుచెదరకుండా పక్క యాప్‌లో దిగారు.

ఇక చాల్లే, మర్యాద. ఆ ఆరబెట్టే ముక్కనే తెచ్చి నీ 90 ఫ్రేముల్లో కుక్కుతాం: ఒక అరచేతిలో నీళ్లు కారుతున్న ఆకు, ఇంకో అరచేతిలో గలగలలాడే ఆకు, పైన "బూజు ఇక్కడే మొదలవుతుంది" అని రాత. చూస్తే చూస్తారు, తోస్తే తోస్తారు. ఆ ముక్క మాత్రం కొయ్యం. వేరేవాళ్ల వీడియో చూసి చేసినవాళ్లు పంపే బూజు సీసాల ఫొటోలు ఇకనుంచి నేరుగా నీకే. డీఎమ్ తెరిచి పెట్టుకో.