గోడ మూసేముందు గేజ్ చూపించమనండి

బాత్రూం పైపులు మార్పించిన రెండు మూడు నెలలకు అవతలి గదిలో బీరువా వెనకాల గోడ నెమ్మెక్కుతుంది. పుట్టీ పొంగి పెచ్చులుగా రాలుతుంది. ఇంట్లో మొదట వినపడే మాట, "డ్యాంప్ ప్రూఫ్ పెయింట్ కొట్టించేద్దాం." అయ్యా, ఆ డబ్బా కాస్త పక్కన పెట్టండి. లోపల నీళ్ళు కారుతుంటే పైన ఎన్ని కోట్లు వేసినా ఆ నీరు ఆగదు. గజం అవతల ఇంకోచోట తేలుతుంది, అంతే.

ఒడిశాలోని మా బరంపురంలో అంబపువా వైపు కొత్త ఫ్లాటైనా, లంజిపల్లి వైపు పాతదైనా జరిగేది ఒకటే. కొళాయి తిప్పితే నీళ్ళొచ్చాయా, మేస్త్రీ చేతిలో డబ్బులు పెట్టేస్తాం. ప్రెషర్ టెస్ట్ సంగతేంటి అంటే "హెయిజిబొ" అంటాడు. ఆ ఒక్క ఒడియా మాటలో చేస్తాను, చూద్దాం, చెయ్యను, మూడూ ఇమిడిపోతాయి. పని రాక కాదు. కేంద్రాపడా జిల్లా పట్టాముండై ప్లంబర్లు దేశమంతా పైపులు వేస్తున్నారు, అదీ మన రాష్ట్రమే. మనం పట్టుబట్టం, వాళ్ళు చెయ్యరు.

పట్టుబట్టాల్సింది ఇది. సీపీవీసీ (వేడినీళ్ళకీ తట్టుకునే ప్లాస్టిక్ పైపు) లైను అతికించాక జాయింట్లను ఒక రోజు వదిలెయ్యాలి. తర్వాత కొళాయి పాయింట్లన్నిటికీ డమ్మీ ప్లగ్గులు బిగించి, గీజర్ దగ్గర వేడి లైనూ చల్ల లైనూ ఒక లూపుతో కలిపి, నీళ్ళు నింపి, గాలంతా పోయేదాకా వదలాలి. గాలి మిగిలితే గేజ్ ముల్లు అబద్ధం చెబుతుంది. అప్పుడు చేతిపంపుతో 10 కిలోల ప్రెషర్ (చదరపు సెంటీమీటరుకి) ఎక్కించాలి. ముల్లు గంటసేపు కదలకూడదు. మార్చకుండా ఉంచేసిన పాత జీఐ (జింకు పూత ఇనుప పైపు) లైను ఉంటే దాన్ని విడదీశాకే ఎక్కించండి, లేకపోతే ఆ తుప్పుపైపు అక్కడే చిల్లిపడుతుంది. "ట్యాంకు నీళ్ళు వదిలి చూశాం బాబూ, కారలేదు" అంటారు. ట్యాంకు నుంచి 10 మీటర్లు కిందికి దిగితే వచ్చేది 1 కిలో ప్రెషర్. మీది పై అంతస్తు అయితే అదీ రాదు. అంత తక్కువ ప్రెషర్‌కి సన్నటి లోపం ఆ పూటకి బయటపడదు, నెలల తరబడి చెమ్మగా బయటపడుతుంది.

ఇంత చేసినా కారే చోటు ఒకటుంది, మేస్త్రీలు కూడా ఒప్పుకోరు. కొళాయి వెనకాల. గోడలో పెట్టిన, లోపల ఇత్తడి మర ఉన్న ఎల్బో (పైపు వంపు), టైలూ దాని కింద మాలూ వేశాక లోపలికి పోతుంది. దాన్ని అందుకోడానికి ఎక్స్‌టెన్షన్ నిప్పల్ (పొట్టి మర గొట్టం) బిగిస్తారు. ఎప్పుడు? టెస్ట్ అయిపోయాక, టైల్స్ పడ్డాక. అంటే ఆ మరకి పరీక్షే లేదు. టెఫ్లాన్ టేపు రెండు చుట్లు చుట్టి వదిలేస్తారు. మర తిరిగే వైపే 8 నుంచి 10 చుట్లు పడాలి. ఇంకొందరు రెంచితో అంత బలంగా తిప్పుతారు, ఇత్తడి మర చుట్టూ ఉన్న ప్లాస్టిక్కే చిట్లుతుంది. పైన స్టీలు ఫ్లాంజ్ (గుండ్రటి మూత) కప్పేస్తుంది, మెరుస్తూ బాగుంటుంది. చుక్క టైలు వెనకనుంచి జారుతుంది.

ఇది పట్టుకోవడం తేలిక. ఫ్లాంజ్‌ని ముందుకు లాగి, నిప్పల్ చుట్టూ టిష్యూ కాగితం చుట్టి, కొళాయి కట్టేసి అరగంట ఆగండి. కాగితం తడిస్తే దొంగ దొరికినట్టే. షవర్‌కి మాత్రం లెక్క వేరు. షవర్ గొట్టం వాల్వు తర్వాత ఉంటుంది కాబట్టి స్నానం చేసేటప్పుడే కారుతుంది. దాంతో అందరూ డ్రెయిన్ మీద అనుమానపడి నేల తవ్విస్తారు. ముందు షవర్ విప్పి ఆ మూతికి డమ్మీ బిగించి, వాల్వు తెరిచి కాసేపు చూస్తే ఆ తవ్వకం తప్పేది.

పైపులు అతికించే సొల్యూషన్ గురించి రెండు ముక్కలు. పీవీసీ సొల్యూషన్ సీపీవీసీకి పనికిరాదు. హాక్సా కోత తర్వాత అంచు గీకి, పైపు దూర్చాక పావు తిప్పు తిప్పి, అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి. నీళ్ళు చిమ్ముతున్న జాయింటు మీద ఎంసీల్ ముద్ద అంటించడం రిపేరు కాదు.

అసలు ఖర్చు కమోడో నాహనీ ట్రాపో (నేల మీది నీళ్ళు పోయే జాలీ కింది భాగం) మార్చినప్పుడు మొదలవుతుంది. ఉలి దెబ్బకి సంకెన్ స్లాబ్ (బాత్రూం కింద లోతుగా దించిన స్లాబ్) మీద ఉన్న వాటర్‌ప్రూఫ్ పొర తెగుతుంది. మేస్త్రీ దానిమీద సిమెంటు పాలు పోసి టైలు పరిచేస్తాడు. టైళ్ళ మధ్య వైట్ సిమెంటు నీటిని ఆపదు. కింద నింపిన ఇటుక ముక్కల్లో నీరు నిలిచి, కింది ఫ్లాటు వాళ్ళ సీలింగ్‌లో ఇనుము తుప్పు పట్టేదాకా వెళ్తుంది. అందుకే పొర మళ్ళీ వేయించాలి. గోడ మీదికి ఒక అడుగు, షవర్ దగ్గర ఆరు అడుగులు. ఆరాక ట్రాపు మూసి 2 అంగుళాల నీళ్ళు 48 గంటలు నిలబెట్టండి. పక్కనే ఒక బకెట్లో నీళ్ళు పోసి దానికీ గీత గీయండి. నేల మీద నీరు బకెట్ కంటే ఎక్కువ తగ్గిందంటే ఆవిరి మీద తోసెయ్యడానికి లేదు.

ఇప్పటికే నెమ్ము పట్టిన గోడకైతే పగలగొట్టడానికి ముందు మరక చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి తేదీ వెయ్యండి. బాత్రూం వాల్వు రెండు రోజులు కట్టి, బయటినుంచి బకెట్లతో నీళ్ళు తెచ్చి వాడుకోండి. మరక గీత దాటకపోతే సప్లై లైను. దాటితే డ్రెయిన్, అప్పుడు నేల మీద రంగు నీళ్ళు పోసి కింది సీలింగ్ చూడండి. ఈదురువానకే పెరుగుతుంటే బయటి గోడ పగుళ్ళు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన సరిహద్దునే తాకింది, అలాంటి గాలివాన సన్న పగుల్లోంచి కూడా నీటిని లోపలికి తోస్తుంది. పాపం ప్లంబర్‌ని తిట్టొద్దు.

రిపేరయ్యాక తొందరపడకండి. తడిసిన గోడ ఆరడానికి అంగుళానికి నెల అని మోటు లెక్క. గోపాల్‌పూర్ సముద్రగాలికి, వానాకాలంలో, ఇంకా ఎక్కువే పడుతుంది. పుట్టీ ప్లాస్టర్ దాకా గీకి గోడని ఊపిరి తీసుకోనివ్వండి. తెల్లగా తేలిన ఉప్పుని పొడి బ్రష్‌తో దులపండి, కడిగితే కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. చివర్న అడుగు చదరం ప్లాస్టిక్ కాగితం నాలుగువైపులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. గోడవైపు చెమ్మ పట్టకపోతే అప్పుడు పుట్టీ.

కొత్త ఫ్లాటు వాళ్ళకి ఒక మాట. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం సెక్షన్ 14(3) ప్రకారం, స్వాధీనం చేసిన 5 ఏళ్ళలోపు పనితనం లోపం చూపిస్తే బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. కానీ మీరే పైపులు మార్పించి ఉంటే అతను అదే పట్టుకుంటాడు. కాబట్టి ఏది పగలగొట్టినా ముందు ఫోటోలు తీసి, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాకే పగలగొట్టించండి.

గోడలో పైపు కోసం తవ్విన గాడి మీద చికెన్ మెష్ (సన్న తీగల వల) కొట్టి మాలు వేసే ముందు కూడా ఇంకో ఫోటో. కొలత టేపు ఆనించి పెట్టి, నేలనుంచి ఎత్తు, మూలనుంచి దూరం అంకెలు కనపడేలా తీయండి. రేపు టవల్ రాడ్‌కి డ్రిల్ పెట్టేవాడికి ఆ ఫోటో చూపించాకే చిల్లు వేయనివ్వండి.