మూడో వంతగా చేరిన ఎకో గారికి

మహారాజశ్రీ మైకుసెట్టు మిక్సర్ వాస్తవ్యులు, అన్న మాటనే మళ్లీ మళ్లీ వినిపించే ఎకో గారి దివ్యసముఖమునకు,

బెజవాడ శ్రోతలు చేసుకునే విన్నపం ఏమనగా...

మీ క్షేమం అడగక్కర్లేదు. నవమి పందిళ్లలో గానీ, దసరా వేదికల మీద గానీ మీరు నీరసించిన దాఖలా ఒక్కటీ లేదు. మా క్షేమమే కాస్త అటూ ఇటూగా ఉంది. బుర్రకథ వినడానికి వచ్చి, రెండు గంటలు కూర్చుని, "ఇందాక ఏమన్నాడు?" అని పక్కవాళ్లను అడుగుతూ ఇంటికి పోతున్నాం.

బుర్రకథకు ముగ్గురు చాలు. మధ్యలో తంబురా భుజాన వేసుకుని, వేళ్లకు అందెలు తగిలించుకున్న కథకుడు. చెరోపక్కా డక్కీలతో ఇద్దరు వంతలు, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. మీరొచ్చి మూడో వంతగా చేరారు. తలపాగా లేదు, కాలికి గజ్జె లేదు, తాంబూలం ఇచ్చి పిలిచినవాళ్లూ లేరు. కథకుడి నోట్లోంచి వచ్చిన ముక్క ఒక్కటి కూడా పోనివ్వకుండా మళ్లీ అంటారు. వంతపాడటంలో మీ అంతటివాళ్లు పార్టీ ఆఫీసుల్లో కూడా దొరకరు.

పల్నాటి కథ నడుస్తోందనుకోండి. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించాడు, కులం ఊసు లేకుండా అందరూ ఒక్క పంక్తిలో కూర్చున్నారు. హాస్యం వంత డక్కీ ఆపి, "అన్నా, అందులో గోంగూర ఉందా?" అంటాడు. కథకుడు వాణ్ని ఎగాదిగా చూసి, "పల్నాట్లో నిలబడి అడగాల్సిన మాటేనట్రా అది?" అంటాడు. అక్కడ నవ్వు పుట్టాలి. మీరున్న సభలో మాకు వినపడేది "గోంగూర ఉందా... దా... దా... దా..." హాస్యం ఊరందర్నీ భోజనానికి పిలుస్తున్నట్టుంటుంది. కథకుడి జవాబు ఆ 'దా'ల కింద పడి నలిగిపోతుంది. అసలు ఆ ఎగాదిగా చూసిన క్షణమే సగం హాస్యం. మౌనంగా ఉండాల్సిన ఆ క్షణాన్ని కూడా మీరు ఖాళీ జాగా అనుకుని ఆక్రమించేశారు.

తెలుగు వాక్యంలో సరుకంతా చివర్లో ఉంటుందండీ. "రోడ్డు వేయించాడు" అంటే కబురు. "వేయించాడా" అంటే అనుమానం. "వేయించాడే!" అంటే ఆశ్చర్యం. "వేయించాడట" అన్నామో, ఇక చెప్పేదేముంది, రాజకీయం వంత బతికేదే ఆ 'ట' మీద. చురుగ్గా కథ చెప్పేవాళ్ల నోట సెకనుకు ఆరేడు అక్షరాలు దొర్లుతాయి. మిమ్మల్ని 300 మిల్లీసెకన్ల ఆలస్యం దగ్గర కూర్చోబెడితే ప్రతి అక్షరం నెత్తిన రెండక్షరాల కిందటిది వచ్చి పడుతుంది. 'ట' పలికే వేళకు 'చా' తిరిగొచ్చి దాన్ని తొక్కేస్తుంది. వేయించాడో, వేయించాడటో తేలదు. ఎమ్మెల్యే గారికి మాత్రం హాయి.

ఒకప్పుడు మద్రాసులో తెల్లదొరల సర్కారు, హైదరాబాదులో నిజాం సర్కారు బుర్రకథను నిషేధించాయి. అయినా ఆ వంత నోరు మూతపడలేదు. 1920లో మా గుంటూరు పక్క పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ అదే బుర్రకథతో ఊరూరా తిరిగి, 1986లో పద్మశ్రీ దాకా వెళ్లారు. రెండు ప్రభుత్వాల వల్ల కాని పనిని మీరు ఒక్క నాబ్‌తో చక్కబెడుతున్నారు. దీనికి మీకే ఏదైనా బిరుదు ఇవ్వాలి.

మీరు లోపలికి ఎలా వస్తారో కూడా మాకు తెలుసు. సాయంత్రం ఐదింటికి హాలు ఖాళీ. ఆపరేటరు "హలో... హలో..." అంటాడు. చివర్లో దీర్ఘమే కాబట్టి మీతో కలిసి ఆ పిలుపు ఆకాశవాణిలా మోగుతుంది. ఆ ముచ్చటకు నాబ్ గడియారం ముల్లులా తిరిగి రెండు గంటల దగ్గర ఆగుతుంది. తర్వాత సినిమా పాటల ఆర్కెస్ట్రా. శ్రుతి కొంచెం జారినా మీరు కప్పిపెడతారు కాబట్టి అక్కడ మీకు వీరతాళ్లే. ఆపైన ముఖ్య అతిథి ప్రసంగం. ఆయన ఎలాగూ ప్రతి మాటా మూడుసార్లు అంటారు గనక మీవల్ల కొత్తగా నష్టం లేదు. ఆఖరికి కథకుడు తంబురా మీటే వేళకు మీ ఉనికే అందరూ మరిచిపోయి ఉంటారు, ఆపరేటరుతో సహా.

ఇంకో ఘనకార్యం ఉంది. మీరు పదే పదే అన్న మాటలు స్పీకర్లోంచి వచ్చి మళ్లీ మైకులో దూరి, కుయ్యిమని విజిల్ వేస్తాయి. ఆపరేటరు కథకుణ్ని "వెనక్కి జరగండి" అంటాడు. నోటికీ మైకుకూ దూరం రెట్టింపైతే గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది. గొంతు తగ్గిందని వాల్యూమ్ పెంచుతాడు. మళ్లీ కుయ్యి. ఈ చక్రంలో నలిగేది కథకుడు. తిట్లు తినేది మైకు.

అందుకని మీ అనుమతి లేకుండానే ఆపరేటర్లకు నాలుగు మాటలు చెప్పేస్తున్నాం. బుర్రకథకు మూడు గొంతులు, మూడు మైకులు. వంతలు దాదాపు కదలరు, స్టాండు మైకు నోటికి జానెడు దూరంలో ఉంటే చాలు. కథకుడు మాత్రం చిందేస్తూ మూడడుగులు ముందుకూ మూడడుగులు వెనక్కీ పోతాడు, ఆయనకు హెడ్‌సెట్ మైకు కావాలి. అది పెదవుల మూల పక్కన రెండు వేళ్ల దూరంలో ఉండాలి, సరిగ్గా నోటి ముందు పెడితే ప, బ, భ వచ్చినప్పుడల్లా టపాకాయలే. కాలరు మైకు వద్దు, దాని ముందు కథకుడి గొంతు కన్నా అందెలదే పైచేయి. గొంతు మైకులన్నిటికీ 100 హెర్ట్జ్ కిందుండే బరువు శబ్దాల్ని కోసేస్తే డక్కీ దరువు మాటల్లోకి అంతగా దూరదు. గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టుంటే 300 హెర్ట్జ్ చుట్టుపక్కల కాస్త తగ్గించాలి. స్పీకరు పెట్టెలు మైకులకు ముందు ఉండాలి, వెనక ఎప్పుడూ కాదు. ఎండాకాలమైతే వేదిక మీద కూలరు గాలి మైకుకు తగలకుండా తిప్పాలి. ఇక మూడు ఛానళ్లలోనూ మీ నాబ్ ఏడు గంటల దగ్గర, అంటే సున్నా మీద, పడుకోవాలి.

మీ తమ్ముడు రివర్బ్ గారు, అదే, గొంతు వెనక గుడిలో మోతలా మిగిలే ఆయన, కొంచెం మర్యాదస్తులు. బాలచంద్రుడు మాంచాల దగ్గర సెలవు తీసుకునే చోట రాగం సాగదీస్తున్నప్పుడు ఆయన సన్నగా వచ్చి వెళ్లిపోతే మాకు అభ్యంతరం లేదు. వచనం మొదలవగానే మాత్రం ఆయనా బయటికే.

వీధి పందిట్లో అయితే మీ అవసరం అంతకన్నా లేదు. వేదికకు ఎదురుగా 25 మీటర్లలో అపార్టుమెంటు గోడ ఉంటే, శబ్దం పోయి రావడానికి దాదాపు 150 మిల్లీసెకన్లు. అంటే మునిసిపాలిటీ ప్లాను పాసు చేసిన ఎకో అక్కడ ముందే ఉంది. పెట్టెల్ని గోడకేసి కాకుండా కొంచెం కిందికి, జనం మీదికి వంచితే అదీ తగ్గుతుంది.

న్యాయంగా మాట్లాడాలంటే మీ ఇంట్లో ఒక మంచి గుణం ఉంది. ఆలస్యం చేయడం. వన్‌టౌన్ సందుల్లాంటి చోట వీధి పొడవునా పెట్టెలు కడతారు. వేదికకు 34 మీటర్ల అవతల కూర్చున్నవాళ్లకు పక్క పెట్టెలోంచి మాట ముందు వస్తుంది, వేదిక దగ్గరి మాట 100 మిల్లీసెకన్ల తర్వాత నడుచుకుంటూ వస్తుంది. మీటరుకు 3 మిల్లీసెకన్ల లెక్కన ఆ పక్క పెట్టెను ఆలస్యం చేసి, పైన ఇంకో పది, పదిహేను కలిపితే, మాట వేదిక మీద నుంచే వస్తున్నట్టు ఉంటుంది. ఒక్కసారే ఆలస్యం, మళ్లీ మళ్లీ అనడం లేదు. ఇంత పనికొచ్చే ఉద్యోగం ఉండగా దాని జోలికి పోరు, కథకుడి వెనకాలే నిలబడి 'దా దా' అంటారు.

చీరల డిస్కౌంటు సేలు ఆటోలకు మనుషులు కావాలని విన్నాం. అక్కడ తిప్పి తిప్పి చెప్పడమే పని. జీతం సంగతి మీరే మాట్లాడుకోండి.

ఇట్లు,
మూడో వరస కుర్చీలవాళ్లం

తా.క. మీ పక్కన మ్యూట్ అనే చిన్న బటన్ ఉంటుంది. ఈసారి కథకుడు తంబురా అందుకోగానే అది ఎర్రగా వెలిగితే కంగారు పడకండి. మేమే చెప్పాం.