ఫోన్ ఏ రోజు వెళ్లింది?

మహమ్మారి రోజుల్లో ప్రతి సాయంత్రం బులెటిన్‌లో ఒక అంకె తప్పకుండా వినిపిస్తుంది: ఇప్పటివరకు ఇన్ని వేల మంది కాంటాక్టులను, అంటే రోగిని దగ్గరగా కలిసినవారిని, గుర్తించాం. వినడానికి భరోసాగానే ఉంటుంది. ఆ వేల మందికి ఫోన్ ఏ రోజు వెళ్లిందన్నది మాత్రం ఎవరూ చెప్పరు. అది తెలియనంతవరకు ఆ అంకె పనితీరుకు కొలమానం కాదని మా అభిప్రాయం.

కొవిడ్-19 తొలి రకం వైరస్‌నే తీసుకుందాం. సోకిన తర్వాత లక్షణాలు బయటపడటానికి సుమారు 5 రోజులు పట్టేది. లక్షణాలకు రెండు రోజుల ముందు నుంచే మనిషి ఇతరులకు అంటించేవాడు. ఒకరికి సోమవారం జ్వరం వచ్చిందనుకోండి. అంటే శనివారం నుంచే ఆయన నుంచి వైరస్ పాకుతోంది. ఆ శనివారం ఆయన పక్కన కూర్చుని భోంచేసిన మిత్రుడికి సోకితే, ఆ మిత్రుడు మంగళవారానికల్లా మరొకరికి అంటించే స్థితికి వస్తాడు. ఒంట్లో నలత మాత్రం గురువారం దాకా తెలియదు. ఇక్కడ జ్వరం వచ్చినాయన ఒకటి రెండు రోజులు చూద్దామని ఆగి బుధవారం శాంపిల్ ఇచ్చాడు. ఫలితం శుక్రవారం వచ్చింది, కాంటాక్టులను వెతికే ట్రేసింగ్ బృందానికి శనివారం చేరింది, మిత్రుడికి ఫోన్ ఆదివారం వెళ్లింది. ఇంట్లోనే ఉండండి అని చెప్పేసరికి ఆ మిత్రుడు ఐదు రోజులుగా నలుగురిలో తిరుగుతున్నాడు. రికార్డులో మాత్రం ఆయన ‘గుర్తించిన కాంటాక్టు’.

2003లో సార్స్ అనే శ్వాసకోశ జబ్బు సోకినవారు లక్షణాలు వచ్చిన తర్వాతే, అందునా రెండో వారంలో, ఎక్కువగా అంటించేవారు. కాబట్టి వెతకడానికి వ్యవధి దొరికింది. టీకా లేకుండానే, రోగులను వేరుగా ఉంచి, కాంటాక్టులను పట్టుకుని వ్యాప్తి గొలుసును తెంపగలిగారు. ఆ ఏడాది జూలై 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట ప్రకటించింది. కొవిడ్ ఆ వెసులుబాటు ఇవ్వలేదు. ఆ వైరస్ తర్వాతి రకమైన ఒమిక్రాన్ నాటికి లక్షణాలు కనిపించే గడువు సుమారు 3 రోజులకు కుదించుకుపోయింది. పద్ధతి అదే అయినా చేతిలో ఉన్న సమయం కరిగిపోయింది.

మరి గంటలు ఎక్కడ పోతున్నాయి? చాలావరకు ఎదురుచూపుల్లోనే. శాంపిల్ తీసుకునే చోటే కాంటాక్టుల జాబితా రాసుకోవాలని మేము కోరుతున్నాం. ఎలాగూ అక్కడ వరుసలో నిలబడక తప్పదు. లక్షణాలు స్పష్టంగా ఉన్నవారి ఇంటివాళ్లను ఫలితం కోసం ఆగకుండా ఆ పూటే ఇంట్లో ఉండమనాలి. నెగెటివ్ వస్తే పోయేది ఒకటి రెండు రోజుల పని. ఇక బకాయిలు పేరుకుపోయినప్పుడు ముందొచ్చిన కాగితం ముందు అనే గుమాస్తా న్యాయం పనికిరాదు. అడుగున పడి ఉన్న పది రోజుల నాటి కేసును తీసి ఫోన్ చేస్తే, కాంటాక్టు ఇంట్లో ఉండాల్సిన గడువు దాదాపు ముగిసే ఉంటుంది. ఈ ఉదయం వచ్చినదాన్నే ముందు తీయాలి.

ఫైలు దగ్గర కూడా కబురు గొలుసు తెగుతుంది. 2020లో ఇంగ్లండ్‌లో సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 మధ్య 15,841 పాజిటివ్ కేసులు లెక్కలోకి రాలేదు. కారణం పాత రకం ఎక్సెల్ ఫైలు. అందులో 65,536 వరసలే పడతాయి, మిగతావి చప్పుడు లేకుండా రాలిపోయాయి. రోగులకు తమ ఫలితం తెలిసింది కానీ, వాళ్లను కలిసినవారికి కబురు చేరడం రోజుల తరబడి ఆలస్యమైంది.

ఫోన్‌లో అడిగే తీరు వేరే విద్య. ఎవరెవరిని కలిశారని అడిగితే ఇంటివాళ్ల పేర్లు నాలుగు చెప్పి ఊరుకుంటారు. ముందు లక్షణాలు మొదలైన తేదీ ఖరారు చేసుకోవాలి. గొంతులో గరగర అంతకు ముందురోజే ఉందేమో గుచ్చి అడగాలి, ఎందుకంటే ఆ ఒక్క రోజుతో జాబితా మారిపోతుంది. అక్కడి నుంచి రెండు రోజులు వెనక్కి వెళ్లి, ఫోన్‌లోని కాల్స్, ఫొటోలు, చెల్లింపుల మెసేజీలు చూసుకోమని, చోటు చొప్పున నడిపించాలి. ఎవరితో కలిసి తిన్నారు? ఎవరి బండెక్కారు? మాస్కు ఎక్కడ తీశారు? కాంటాక్టు ఎవరో తేల్చడానికి మీటరు దూరం, 15 నిమిషాలు అనే కొలత ఒక ఆసరా మాత్రమే. తలుపులు మూసిన గదిలో అది నిలవదు. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, స్కాజిట్ కౌంటీలో ఒక బృందగానం సాధన రెండున్నర గంటలు సాగింది. హాజరైన 61 మందిలో 53 మంది జబ్బుపడ్డారు. ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ కాంటాక్టే.

ఈ ఉదాహరణలోనే ఇంకో పాఠం ఉంది. సోకినవారిలో చాలామంది ఎవరికీ అంటించరు, కొద్దిమంది మాత్రం గుంపుకు గుంపుకే అంటిస్తారు. అందుకే రోగి ఎవరికి అంటించి ఉంటాడన్నదానితో పాటు, ఆయనకు ఎక్కడ అంటుకుందన్నదీ వెతకాలి. అప్పుడు రెండు రోజులు చాలవు, 14 రోజులు వెనక్కి వెళ్లాలి. జపాన్ మొదట్లోనే ఈ దారి పట్టింది. ఒక గుంపు దొరికితే పది కొమ్మలు ఒకేసారి దొరుకుతాయి.

రోజుల లెక్కలోనూ పొరపాట్లు జరిగాయి. జబ్బుపడ్డవారిది ఐసొలేషన్, సోకే అవకాశం ఉన్నవారిది క్వారంటైన్. కొవిడ్ తొలి రోజుల్లో 14 రోజులుగా ఉన్న క్వారంటైన్‌ను ఫోన్ వచ్చిన రోజు నుంచి లెక్కపెట్టకూడదు, రోగిని చివరిసారి కలిసిన రోజు నుంచి లెక్కపెట్టాలి. ఒకే గదిలో ఉండక తప్పని ఇంటివాళ్లకు ఆ చివరి రోజంటే రోగి ఐసొలేషన్ ముగిసిన రోజే. కలిసిన మర్నాడే పరీక్ష చేయించుకుని నెగెటివ్ కాగితంతో బయటికి వచ్చేవారు తమను తాము మోసం చేసుకుంటున్నారు. అప్పటికి వైరస్ పరీక్షకు దొరికేంతగా పెరిగి ఉండదు.

పేర్లు దాచేవారిని తిట్టడం తేలిక. ఒక పేరు చెబితే ఆ మనిషి రెండు వారాల సంపాదన పోతుందని తెలిసినవాడు నోరు మెదపడు. అందుకే ఫోన్ చేసినవారు పేర్లు అడిగేముందే తిండి, మందులు, జీతం సంగతి తేల్చాలి. రోగి పేరు కాంటాక్టుకు చెప్పకూడదు. సింగపూర్‌లో, ఎవరు ఎవరి దగ్గర ఉన్నారో నమోదు చేసే ట్రేస్‌టుగెదర్ యాప్ వివరాలు ట్రేసింగ్‌కే వాడతామని ప్రభుత్వం మొదట చెప్పి, నేర విచారణల్లో పోలీసులూ తీసుకోవచ్చని 2021 జనవరిలో ఒప్పుకోవాల్సి వచ్చింది. జనం కోపం చూసి, తీవ్ర నేరాలకే పరిమితం చేస్తూ ఫిబ్రవరిలో చట్టం తెచ్చారు. అయినా యాప్ మీద అంత ఆశ దేనికి? నూటికి 60 మంది వాడినా, ఇద్దరి దగ్గరా యాప్ ఉండే కలయికలు నూటికి 36 మాత్రమే.

రోజూ ప్రకటించవలసినవి మా లెక్కలో రెండే అంకెలు. లక్షణాలు మొదలైన నాటి నుంచి కాంటాక్టుకు ఫోన్ వెళ్లేదాకా ఎన్ని గంటలు పట్టిందన్నది మొదటిది. ఈరోజు పాజిటివ్ వచ్చినవారిలో ఎందరి పేర్లు నిన్నటికే కాంటాక్టుల జాబితాలో ఉన్నాయన్నది రెండోది. పదిమందిలో ఎనిమిది మంది ఆ జాబితాలో లేరంటే, గొలుసు ట్రేసింగ్ బృందం కంటికి కనపడని చోట పాకుతోందని అర్థం.