క్లాసులోకి అడుగే పెట్టని యూనివర్సిటీ నవల

యూనివర్సిటీలో మొదటి ఏడాది గురించిన నవల అనగానే ఎంతో ఆశగా మొదలుపెట్టాను. నాలుగు వందల పేజీలు, మూడు రాత్రులు. పూర్తయ్యాక కోపం కంటే బాధే ఎక్కువైంది. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ లోపం ఈ మధ్య నేను చదివిన చాలా క్యాంపస్ నవలల్లో ఉంది.

మొదటి ముప్పై పేజీలు నిజంగా బాగున్నాయి. కూతుర్ని హాస్టల్లో దింపడానికి వచ్చిన నాన్న, పెట్టె కింద పెట్టి, ఇంకేం మాట్లాడాలో తెలియక కిటికీ గడియ సరిగ్గా పడుతోందో లేదో రెండుసార్లు చూస్తాడు. నాకు కళ్లు చెమర్చాయి. అలాంటి ఇంకో చోటు కోసం చివరిదాకా వెతుకుతూనే ఉన్నాను.

ఆ తర్వాతి అధ్యాయం "మూడు నెలలు గడిచాయి" అని మొదలవుతుంది. అసలు కథ ఆ మూడు నెలలే కదా! పేరు పెట్టి పిలిచేవాళ్లు ఒక్కరూ లేని చోట, ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక పళ్లెం పట్టుకుని నిలబడటం. స్కూల్లో ఎప్పుడూ ఫస్ట్ వచ్చిన పిల్ల, లెక్చర్ సగం అర్థంకాక చుట్టూ చూస్తే అందరూ చకచకా రాసుకుంటూ కనిపించడం. మొదటి పరీక్ష మార్కులు చూసి కాగితం నాలుగు మడతలు పెట్టి దాచేసి, ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేసి "అంతా బాగానే ఉంది" అనడం. ఇవన్నీ ఒక్క వాక్యంతో దాటేశారు. వాటి బదులు ఒక ప్రేమ, ఒక గొడవ, చివర్లో ఒక యాక్సిడెంట్.

ఆ అమ్మాయి చదివేది చరిత్ర అని సగం పుస్తకం అయ్యాక గానీ తెలియదు. అదీ ఎవరో అడిగితే చెబుతుంది. ఆమెను కదిలించిన పాఠం ఒక్కటీ లేదు, భయపెట్టిన పాఠమూ లేదు.

అమెరికన్ రచయిత జాన్ విలియమ్స్ నవల 'స్టోనర్' (1965) చూడండి. రైతు కొడుకు, 1910లో వ్యవసాయం చదవడానికి మిస్సోరీ యూనివర్సిటీకి వస్తాడు. రెండో ఏడాది సాహిత్యం క్లాసులో టీచర్ షేక్‌స్పియర్ 73వ సానెట్ (పద్నాలుగు పాదాల కవిత) వినిపించి, దీని అర్థమేమిటని అడుగుతాడు. కుర్రాడు ఏదో చెప్పబోయి ఆగిపోతాడు, మాట రాదు. బయటికి చూస్తే జరిగింది అంతే, కానీ అతని బతుకు దారి అక్కడే మారిపోతుంది. మన నవీన్ గారి 'అంపశయ్య' (1969) అయితే ఒక విద్యార్థి జీవితంలో 16 గంటలే తీసుకుని, మనసులో పరుగెత్తే ఆలోచనలతోనే నవలంతా నడిపింది. యాక్సిడెంట్లు లేకుండానే ఇంత చేయొచ్చు.

"ఆ వయసులో పాఠాలు ఎవరికి గుర్తుంటాయి?" అంది ఒక ఫ్రెండ్. నేను ఒప్పుకోను. క్లాసు ఎగ్గొట్టి మధ్యాహ్నం దాకా పడుకున్నా, లేవగానే గుండెల్లో ఉండే ఆ టెన్షన్ కూడా చదువే. అదైనా రాయలేదు.

ఏడాది చివర ఆమె ఇంటికి వెళ్తుంది. నాన్న తలుపు తీస్తాడు. నవల అక్కడితో ఆగిపోతుంది. ఆయన ఏం అడిగి ఉంటాడు, ఆమె నిజం చెప్పి ఉంటుందా? కిటికీ గడియ రెండుసార్లు చూసిన ఆ మనిషి కోసమైనా, ఆ ఒక్క సంభాషణ రాయాల్సింది.