క్లిక్కు ఒకటే, టికెట్లకే లెక్కలేదు

‘ఒక్క క్లిక్కుతో వర్డ్‌ప్రెస్’ అని, అంటే వెబ్‌సైటు నడిపే సాఫ్ట్‌వేర్ ఒక్క నొక్కుతో సిద్ధమని, సైట్లకు సర్వర్లో చోటు అద్దెకిచ్చే హోస్టింగ్ వాళ్లు ప్రకటన ఇస్తే అందులో అబద్ధం వెతకడం పాపం. ఇన్‌స్టాల్ నొక్కగానే సైటు సమాచారం దాచే డేటాబేస్ దానంతటదే పుడుతుంది, ఫైళ్లు వాటి చోట్లో అవే సర్దుకుంటాయి. 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్‌కు ‘అయిదు నిమిషాల ఇన్‌స్టాల్’ అని పేరు. ఆ అయిదు నిమిషాలు కూడా కస్టమరుకు మిగిల్చారు పుణ్యాత్ములు. అవి వడ్డీతో సహా సపోర్టు డెస్కు నెత్తిన పడతాయన్న ముక్కకు మాత్రం పోస్టరులో చోటు చాల్లేదు.

ఆ అయిదు నిమిషాల్లో కస్టమరు డేటాబేస్ పేరు, యూజరు, పాస్‌వర్డు తన చేత్తో కాన్ఫిగ్ ఫైల్లో రాసుకునేవాడు. ఇప్పుడు అలాంటి ఫైలొకటి ఉందనే తెలీదు. అందుకే ఓ శుభోదయాన, భద్రత కోసమని, హోస్టింగ్ ఖాతా నడిపే సీప్యానెల్లో డేటాబేస్ పాస్‌వర్డు మారుస్తాడు. కాన్ఫిగ్‌లో పాతదే ఉంటుంది. ‘ఎర్రర్ ఎస్టాబ్లిషింగ్ ఎ డేటాబేస్ కనెక్షన్’ అంటూ సైటు మొరాయిస్తుంది. సపోర్టుకు వచ్చే ఫిర్యాదు, అదే టికెట్: ‘మీ సర్వర్ పడిపోయింది. నేనేమీ ముట్టుకోలేదు.’

మెమరీ టికెట్లు ఇంకా రసవత్తరం. ‘134217728 బైట్లు అయిపోయాయి అంటోంది. నేను పెట్టింది నాలుగు ఫొటోలు. పదమూడు కోట్లు ఎవరు వాడారు?’ న్యాయమైన ప్రశ్నే. అది డిస్కు కాదు, ఒక పేజీ తయారవడానికి, వర్డ్‌ప్రెస్‌ను నడిపే పీహెచ్‌పీకి ఇచ్చిన 128 ఎంబీ. పరిమితిని 256కి పెంచితే తాత్కాలికంగా శాంతిస్తుంది. ఏ ప్లగిన్ (సైటుకు తగిలించే అదనపు ముక్క) మెమరీ తింటోందో తెలియాలంటే ప్లగిన్స్ ఫోల్డరు పేరు మార్చి, సైటు లేచాక పాత పేరు పెట్టి, ఒక్కొక్కటే ఆన్ చేసి చూడాలి. ఇవన్నీ క్లిక్కులే. లెక్కలోకి రావంతే.

నిబంధనల్లో ఒక వాక్యం ఉంటుంది: ‘బయటివారి స్క్రిప్టులకు సపోర్టు లేదు.’ వర్డ్‌ప్రెస్సూ బయటివారిదే. పప్పు వండి విస్తట్లో వడ్డించి, ఉప్పెక్కువైందంటే కంది పండించిన రైతుతో మాట్లాడుకోమన్నట్టు. సేల్స్ అతను ఆ వాక్యం చదవడు, కస్టమరూ చదవడు. రాత్రి రెండింటికి చాట్‌లో కూర్చున్న కుర్రాడొక్కడే చదువుతాడు. చదివి, పక్కనపెట్టి, ఎర్రర్ లాగ్ తెరుస్తాడు.

ఇక సైటు ఏ ఫోల్డర్లో ఉండాలో అడిగే డైరెక్టరీ గడి. కొన్ని ఇన్‌స్టాలర్ల ఫారంలో అందులో ‘డబ్ల్యూపీ’ అని ముందే రాసి ఉంటుంది. చెరపకుండా నొక్కితే సైటు డొమైన్ మీద కాక, స్లాష్ తర్వాత పెరట్లో వెలుస్తుంది. కస్టమరు కంగారుపడి ఫైళ్లను అక్కణ్ణుంచి, డొమైన్ చూపే పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్లోకి కాపీ చేస్తాడు. డేటాబేస్‌లో మాత్రం పాత అడ్రసే. సపోర్టు కుర్రాడు ఆ అడ్రసుండే సైట్ యూఆర్ఎల్, హోమ్ గడులు రెండూ మార్చి గట్టెక్కిస్తాడు. ఇన్‌స్టాలర్ జాబితాలో మాత్రం పెరటి సైటు పేరు అలాగే ఉండిపోతుంది.

రోజువారీ బ్యాకప్‌కు టిక్ పెట్టి, ఎన్ని ఉంచాలో చెప్పకపోతే ఒక్కోటి 600 ఎంబీ చొప్పున, అదే ఖాతాలో పేరుకుంటాయి. 5 జీబీ ప్లాన్ ఎనిమిదో రోజుకు కిటకిట. అప్పుడొచ్చే టికెట్ బ్యాకప్ గురించి కాదు, ‘మెయిళ్లు రావట్లేదు’ అని. మెయిలు ఎక్కడికి చేరాలో చెప్పే ఎమ్మెక్స్ రికార్డులు గంటసేపు చూశాక, డిస్కు నిండిందని ఎవరికో తడుతుంది. ‘బ్యాకప్‌లు కొన్ని తీసేయండి’ అంటారు. కస్టమరు విధేయుడు. అన్నీ తీసేస్తాడు.

ఆ శుభ్రత ఊపులోనే ఇన్‌స్టాలర్ జాబితాలో పెరటి సైటు కనబడుతుంది. అక్కర్లేదు కదా అని రిమూవ్ నొక్కుతాడు. ఫోల్డరు, డేటాబేస్, డేటాబేస్ యూజరు: మూడింటికీ టిక్కులు ముందే సిద్ధం. ముందు గదిలో నడుస్తున్న సైటుదీ ఆ డేటాబేసే.

ఇది కూడా ఒక్క క్లిక్కే.