ఆరు సోమవారాల్లో అవగొట్టేశారు

2019 మే 22న రాస్తున్న మాట ఇది, సార్వత్రిక ఎన్నికల్లో మనం ఓటేసి 41 రోజులైంది. ఏప్రిల్ 11న వేలికి పెట్టిన సిరా చాలామందికి చెరిగిపోయింది కూడా, ఫలితం మాత్రం రేపు, మే 23న గానీ తేలదు. సరిగ్గా ఈ ఖాళీలోనే ఆరు సోమవారాలు పొద్దున ఆరున్నరకల్లా లేచి హాట్‌స్టార్ ముందు కూర్చున్నవాళ్లు మన దగ్గరా ఉన్నారు, మా డెస్కులోనూ ఉన్నారు. ఆదివారం రాత్రి ఎగ్జిట్ పోల్స్ లెక్కలు కట్టి, కాస్త కునుకు తీసి, తెల్లారి అమెరికా టీవీ సీరియల్ ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ చివరి ఎపిసోడ్ చూసి ఆఫీసుకొచ్చిన ఒక సబ్ ఎడిటర్ మొహం చూసి, పాపం ఈయన పార్టీ ఓడిపోతుందని సర్వే ఏదో చెప్పిందేమో అనుకున్నాం. అది కాదట, కథలో బ్రాన్ అనే కుర్రాడిని చివరికి రాజును చేశారట.

ఇంకా చూడనివాళ్లు ఇక్కడే పేజీ తిప్పేయండి, కింద అన్నీ చెప్పేస్తున్నాం.

సింహాసనం కోసం కొట్టుకునే వంశాల మీద 2011లో మొదలై 73 ఎపిసోడ్లు నడిచిన కథ ఇది. ఆఖరిదాన్ని అమెరికాలో ఆ రాత్రి 1.93 కోట్ల మంది చూశారని దాన్ని ప్రసారం చేసిన చానల్ హెచ్‌బీఓ చెప్పింది. వాళ్లలో ఎంతమంది తిట్టుకుంటూ పడుకున్నారో గానీ, ఎనిమిదో సీజన్ మొత్తం మళ్లీ తీయాలి, ఈసారి చేతనైన రచయితలతో రాయించాలి అంటూ పెట్టిన పిటిషన్ మీద సంతకాలు పది లక్షలు దాటిపోయాయి. గూగుల్‌లో ‘చెత్త రచయితలు’ అని ఇంగ్లిషులో వెతికితే ఈ సీరియల్ రాసి తీసిన బెనియాఫ్, వైస్‌ల ఫొటోలే వచ్చేలా చేశారు కొందరు. మాకు నవ్వొచ్చిన మాట నిజం. అభిమానుల కోపం కూడా న్యాయమైందే. పిటిషన్‌తోనే మాకు పేచీ.

ముందు కోపం సంగతి. మన దగ్గర సీరియల్ మీద ఎవరు విసుక్కున్నా ఒకటే మాట, జీడిపాకంలా సాగదీస్తున్నారని. అత్త కళ్లు ఉరిమితే మూడు వైపుల నుంచి మూడుసార్లు చూపిస్తారు, ఈలోపు మనం వెళ్లి పొయ్యి మీద పాలు దించి రావచ్చు. ఈ అభిమానుల గొడవ దీనికి తిరగబడ్డ గొడవ. మొదటి ఆరు సీజన్లకు తలా పది ఎపిసోడ్లు, ఏడోదానికి ఏడు, ఎనిమిదోదానికి ఆరే. డబ్బుల్లేవా అంటే అదీ కాదు, ఇంకా తీస్తామంటే హెచ్‌బీఓ సరేననేదే, ఇక చాలనుకున్నది రాసేవాళ్లు. మొదటి సీజన్‌లో ఉత్తరాన స్టార్క్ వంశం కోట వింటర్‌ఫెల్ నుంచి రాజధానికి పోవాలంటే దారిలో బసలు, తగాదాలు, వాటిలోంచే సగం కథ పుట్టుకొచ్చింది. చివరికొచ్చేసరికి సిటీ బస్సెక్కి కోఠీ వెళ్లొచ్చినట్టు ఖండం ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చిపడుతున్నారు.

ఈ సీజన్ ఐదో ఎపిసోడే తీసుకోండి. సైనికులు కత్తులు కింద పడేశారు, గంటలు మోగుతున్నాయి, ఊరు లొంగిపోయింది. గోడ మీద వాలిన డ్రాగన్ వీపున, సింహాసనం నాదేనంటూ దండెత్తి వచ్చిన రాణి డేనరిస్. కెమెరా ఆమె మొహాన్ని వదలదు. ఊపిరి ఎగదన్నుతోంది, చూపంతా దూరంగా తన పూర్వీకులు కట్టిన కోట మీదే ఉంది, పెదవి వణికింది, లోపల ఏదో పుటుక్కున తెగింది. అంతే, లేచి వీధుల్లో పిల్లాజెల్లా అందరినీ తగలబెట్టింది. ఆ పాత్ర వేసిన ఎమీలియా క్లార్క్ ఆ కొన్ని క్షణాల్లో చేయగలిగిందంతా చేసింది. ఆ తర్వాత ఎపిసోడ్ అయిపోయేదాకా ఆమె మొహం మళ్లీ చూపించలేదు, మనం చూడాల్సింది అప్పుడే కదా!

కర్ణుడి చావుకు కారణాలు అనేకం అంటాం. గురువు శాపం, బ్రాహ్మడి శాపం, ఇచ్చేసిన కవచకుండలాలు, కుంతికిచ్చిన మాట, శల్యుడి సూటిపోటి మాటలు. ఒక్కొక్కటీ ఒక్కోచోట పడి, కథలో ఏళ్ల తరబడి నానుతూ వచ్చింది కాబట్టే రథచక్రం దిగబడ్డప్పుడు అయ్యో అంటాం గానీ ఇదెక్కడి చోద్యం అనం. డేనరిస్‌కూ కారణాలున్నాయి. రెండో డ్రాగన్ కూలింది, ప్రాణంలాంటి నెచ్చెలి మిస్సాండే తల కళ్లముందే తెగింది, సలహాదారు వేరిస్ ద్రోహం చేశాడు, ప్రేమించిన జాన్ దూరం జరిగాడు. ఇవన్నీ రెండు ఎపిసోడ్లలో కుక్కారు. పిచ్చిరాజు కూతురు కదా, విత్తనం మొదటి నుంచీ ఉందనేవాళ్లున్నారు, ఉంది, ఒప్పుకుంటాం. మొలకెత్తడానికైనా టైమ్ ఇవ్వాలిగా! బానిసల సంకెళ్లు తెంచిన తల్లి అని అమెరికాలో వందల మంది తమ ఆడపిల్లలకు ఆమె బిరుదైన ఖలీసీ అని పేరు పెట్టుకున్నారు, ఇప్పుడు వాళ్ల ఇళ్లలో పరిస్థితేమిటో.

ఇక రాజును ఎన్నుకునే సీను. డేనరిస్ చచ్చిపోయింది, సింహాసనాన్ని డ్రాగన్ కరిగించేసింది, పెద్దలంతా గుండ్రంగా కూర్చున్నారు. బ్రాన్ అక్క సాన్సాకు మేనమామ ఎడ్మూర్ గొంతు సవరించుకుని తన గొప్పలు మొదలెట్టగానే, కూర్చో మామయ్యా అనేసింది మేనకోడలు. మన టికెట్ల పంపకాల్లో అలా అనగలిగే మేనకోడళ్లు ఎందరున్నారు! రాజును జనాన్నే ఎన్నుకోనిద్దామని జాన్ స్నేహితుడు శామ్ అమాయకంగా అంటే అందరూ పగలబడి నవ్వారు. ఈ వారంలో, కౌంటింగ్ ముందు, మనం చూడాల్సిన నవ్వు అది. తర్వాత డేనరిస్ దగ్గర మంత్రిగా చేసిన టిరియన్ లేచి, బ్రాన్ కథను మించిన కథ ఎవరికుందన్నాడు. ఐదో సీజన్‌లో ఒక్క సీనులోనూ కనిపించని కుర్రాడి గురించి ఆ మాటంటే జనం ఊరుకుంటారా?

ఇంత తిట్టీ, సంతకం మాత్రం ఎందుకు పెట్టలేదంటే, 2011లోనే ఈ కథకు పిటిషన్లుంటే నెడ్ స్టార్క్ తల తెగేది కాదు. తొమ్మిదో ఎపిసోడ్‌లోనే హీరో అనుకున్నవాడిని చంపడానికి ఎవరు సంతకం పెడతారు? 2013లో పెళ్లిలో నెడ్ భార్యనూ కొడుకునూ కలిపి నరికినప్పుడు ఎంతమంది టీవీలు కట్టేసి ఏడ్చారో, వాళ్లే ఇప్పటికీ దాన్ని గొప్పగా చెప్పుకుంటారు. మనకు నచ్చనిది చేస్తారనే కదా ఎనిమిదేళ్లు చూసింది.

పైగా తీసినవాళ్లు ఇద్దరే కాదు. ఈ సీజన్ మూడో ఎపిసోడ్ యుద్ధం కోసం ఉత్తర ఐర్లాండ్ చలిలో 55 రాత్రులు పనిచేశారు. చీకట్లో ఏమీ కనబడలేదని అదీ తిట్లు తినింది, అది వేరే సంగతి. ఈ పిటిషన్లు పనిచేసినవాళ్లను అగౌరవపరచడమేనని సాన్సా వేసిన సోఫీ టర్నర్ అన్నారు. నాలుగో ఎపిసోడ్‌లో విందు బల్ల మీద కాఫీ కప్పు, చివరిదాంట్లో శామ్ కాలి పక్కన నీళ్ల బాటిల్ మర్చిపోయారని నవ్వుకోండి, తప్పులేదు. కప్పును కంప్యూటర్‌లో చెరిపేశారు. ఆరు ఎపిసోడ్లు అలా చెరిగేవి కావు.

వేరే ముగింపు కావాలంటే దారి ఒకటుంది. ఈ కథకు మూలమైన నవలలు రాసిన జార్జ్ మార్టిన్ ఇంకా రెండు పుస్తకాలు రాయాలి, ఐదోది 2011లో వచ్చింది. ఆరోది ఎప్పుడు, ఇంకెంత ఆలస్యమని అప్పట్నుంచీ ఆయన ప్రాణం తీస్తున్నదీ ఈ అభిమానులే.