డిమెన్షియా పేషెంట్‌కి రెండో పాస్ ఇవ్వండి

"పేషెంట్ తాలూకు ఎవరండీ? ఈ మందులు పట్రండి."

మన ఆస్పత్రుల్లో అటెండెంట్ పని ఇదే. ఫార్మసీ, ల్యాబు, బిల్లింగ్ కౌంటరు. ఇచ్చేది ఒక్క పాస్. అది పట్టుకున్నాయన క్యూలో ఉంటే డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న పెద్దావిడ మంచం మీద ఒంటరిగా ఉంటుంది. తిరిగొచ్చేసరికి చేతికి పెట్టిన సెలైన్ సూది (క్యాన్యులా) పీకేసి, దుప్పటంతా రక్తం. ఆ తర్వాత చేతులు మంచం కమ్మీకి కట్టేస్తారు. కడితే ఇంకా పెనుగులాడతారు. దానికి మత్తు ఇంజెక్షన్!

పెద్దాస్పత్రుల యాజమాన్యాలకి చెప్పేదొకటే: ఇలాంటి పేషెంట్‌కి రెండు పాస్‌లివ్వండి. తిరిగే మనిషి వేరు, పక్కన కూర్చునే మనిషి వేరు.

కూర్చోవడం కూడా వైద్యమే. అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో డాక్టర్ షారన్ ఇనౌయే బృందం ఆస్పత్రిలో చేరిన, 70 ఏళ్లు, ఆపైబడిన 852 మంది మీద చేసిన అధ్యయనం 1999లో వచ్చింది. కొత్త మందేం లేదు. ఇవాళ ఏ వారమో చెప్పడం, నడిపించడం, కళ్లజోడు, వినికిడి మిషన్, నీళ్లు, నిద్రమాత్ర బదులు వేడి పాలు. మామూలు వైద్యం అందినవాళ్లలో 15 శాతం మందికి డెలిరియం (ఉన్నట్టుండి కమ్ముకునే గందరగోళం) వస్తే, ఇలా చూసుకున్నవాళ్లలో 9.9 శాతానికే వచ్చింది.

డిమెన్షియా ఏళ్ల మీద ముదురుతుంది. డెలిరియం గంటల్లో, రోజుల్లో కమ్ముకుంటుంది. నిన్న బాగా మాట్లాడిన మనిషి ఇవాళ గోడ మీద పురుగులున్నాయంటే "వయసు కదా" అని ఊరుకోకండి. మూత్రం ఆగిందా, విరేచనం అయి ఎన్నాళ్లయింది, ఇన్ఫెక్షనా, నొప్పా, సోడియం తగ్గిందా చూడమనండి. ఎవిల్, ఫెనర్గన్ లాంటి అలర్జీ మందులు రాసుంటే తప్పనిసరా అని అడగండి. ఇవి ఆ గందరగోళాన్ని పెంచుతాయి.

తినిపించేటప్పుడు తొందర అసలు పనికిరాదు. కట్టుడు పళ్లు పెట్టి, మంచం తలవైపు పైకెత్తి నిటారుగా కూర్చోబెట్టాలి. చిన్న చెంచా. మింగారో లేదో చూశాకే రెండోది. మగతలో ఉంటే పెట్టొద్దు. దగ్గొచ్చినా, గొంతు గరగరలాడినా ఆపేసి నర్సుకి చెప్పాలి, లేకపోతే ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు.

"ఇంటికెళ్దాం" అంటే "ఇది హాస్పిటలమ్మా" అని పదిసార్లు వాదించకండి. ముందు బాత్‌రూమ్‌కేమో కనుక్కోండి, ఒక్కోసారి అదే. కాకపోతే "ఇంట్లో ఏం పని ఉందమ్మా?" అని అడగండి. మాటల్లో పడతారు.

చూడ్డానికొచ్చే చుట్టాలకో దణ్ణం. "నేనెవరో చెప్పు చూద్దాం" అనే పరీక్ష మానేయండి. "అత్తయ్యా, నేను ఫలానా" అని మీరే చెప్పుకోండి.

మంచం దగ్గర ఒక కాగితం అంటించండి. పిలిస్తే పలికే పేరు (ఆధార్‌లోది కాదు), ఏ చెవి వినపడుతుంది, నొప్పొస్తే ఏం చేస్తారు, టీలో పంచదార ఎంత. షిఫ్టు మారిన నర్సుకి కేస్‌షీట్ కంటే ముందు ఇదే కావాలి.

ఆడవాళ్ల వార్డులో రాత్రి కొడుకుని ఉండనివ్వరు. కూతురేమో డాలస్‌లో. జీతానికి ఆయాని పెట్టుకుంటే పగలే ఒకసారి రమ్మనండి, ఇంట్లోవాళ్లు పక్కనుండగా అన్నం పెట్టనివ్వండి. నేరుగా రాత్రి తొమ్మిదికొచ్చి డైపర్ మార్చబోతే ఆవిడ అరవకుండా ఎలా ఉంటుంది?